కాళ్ళు బిగుసుకుపోతే కారణం వెతకాలి
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



హార్బరులో బరువులు మోసినవారు, స్టీలు ప్లాంటులో షిఫ్టులు చేసినవారు మనలో చాలామంది ఉన్నారు. నడక మందగిస్తే "వయసు మీద పడింది, నడుం అరిగింది" అని సరిపెట్టుకుంటాం. కాని కాళ్ళు కర్రల్లా బిగుసుకుని, మూత్రం ఆపుకోవడం కష్టమైతే, లోపం వెన్నుపాములో ఉండవచ్చు.

దీనికి కారణాలు అనేకం. వెన్నెముక క్షయ, బి12 విటమిన్ లోపం, డిస్కు ఒత్తిడి ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరిన్ చేసే హానిని గురించి వైద్యులు 1937లోనే రాశారు. ఇంకొక కారణం హెచ్.టి.ఎల్.వి.-1 అనే వైరస్. ఈ జబ్బుకూ దానికీ గల సంబంధాన్ని 1985లో మార్టినిక్ ద్వీపంలోను, 1986లో జపాన్‌లోని కగోషిమాలో డాక్టర్ ఒసామే బృందంవారూ గుర్తించారు. మన దక్షిణాదిలో ఇలా కాళ్ళు బిగిసిన రోగులను గురించి డాక్టర్ మణి ప్రభృతులు 1969లోనే రాశారు. అప్పటికి ఈ వైరస్ సంగతే లోకానికి తెలియదు.

లోపం ఎక్కడుందో చెప్పేది నరాల పరీక్ష. "కరెంటు పెడతారట" అని మనవాళ్ళు జంకుతారు. చీలమండ దగ్గర చిన్న చిన్న విద్యుత్ స్పందనలిస్తారు, చిటుక్కుమంటుంది, అంతే. ఆ కబురు తలకు చేరడానికి సెకనులో వెయ్యో వంతులు సుమారు 40 పడుతుంది. కాలిలో వేళకు నడిచి, వెన్నుపాములో ఆలస్యమైతే లోపం అక్కడే అన్నమాట. పేస్‌మేకర్ ఉన్నవారు ముందే చెప్పాలి.

ఐతే ఈ పరీక్ష చోటు చెబుతుందిగాని వైరస్ పేరు చెప్పదు. దానికి రక్తపరీక్ష, వెన్ను నీటి పరీక్ష, స్కానింగు కావాలి.

ఈ వైరస్ తల్లిపాల ద్వారా, రక్తం ద్వారా, దాంపత్యం ద్వారా సోకుతుంది. ఒకే సఫ్‌లో నిలబడి నమాజు చేస్తే, ఒకే పళ్ళెంలో తింటే అంటదు. ఇది ఎయిడ్స్ కాదు. సోకినవారిలో నూటికి 5 మందికి లోపే కాళ్ళ జబ్బు వస్తుంది. కనుక రోగిని మూల కూర్చోబెట్టకండి.

వైరస్‌ను తుడిచివేసే మందు లేదు. బిగుసుదనానికి మందులు, వ్యాయామం, మూత్రానికి చికిత్స ఉన్నాయి. తేలిన కారణం క్షయో, విటమిన్ లోపమో ఐతే, వేళకు వెళ్ళినవాడు మళ్ళీ నడవగలడు. ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది.

చికిత్స వెతుక్కోవడం సున్నత్. తాయెత్తు కట్టినా సరే, కింగ్ జార్జి ఆసుపత్రి న్యూరాలజీ విభాగానికి మాత్రం తప్పక తీసుకువెళ్ళండి. వెంట ఒక మనిషిని పంపే భారం సంఘం యువకులు తీసుకోవాలని నా మనవి.

అల్లా మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.