బుద్ధి రక్తంలో ఉందా?

(కంచికచర్లలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ ప్రాంతంలో పనిచేస్తూ నేను చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆరేళ్ళ పిల్లాడికి మాటలు సరిగా రాలేదు, చదువు ఎక్కడంలేదు. "మీ నాన్నవైపు రక్తం మంచిది కాదు" అని అత్త కోడల్ని సాధించేది. కొడుక్కి రెండో పెళ్ళి మాట కూడా ఎత్తింది. ఆ అత్త ఎవరనుకున్నారు? కోడలికి స్వయానా అమ్మమ్మ! అక్క కూతుర్నే తమ్ముడికి చేశారు.

మేనమామకీ మేనకోడలికీ సగటున నాలుగోవంతు జన్యువులు ఉమ్మడి. బావామరదళ్ళకి ఎనిమిదోవంతు. చాలా వంశపారంపర్య జబ్బుల్లో లోపమున్న జన్యువు ఒకరి నుంచే వస్తే జబ్బు బయటపడదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే బయటపడుతుంది. ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒకవంతు ప్రమాదం. మేనరికంలో ఈ అవకాశం ఎక్కువ. అయినా మేనరికపు బిడ్డల్లో అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారు. కాన్పులో బిడ్డకి ఊపిరందకపోయినా, గర్భిణికి అయోడిన్ చాలకపోయినా కూడా బుద్ధి మందగించవచ్చు. పరీక్షలు చేయకుండా తేల్చే విషయం కాదిది. పెళ్ళి నిర్ణయించింది పెద్దలు, నింద మోస్తున్నది ఆమె.

ఇంట్లో కోడల్ని అనే మాటే ఊళ్ళో దళితుల్ని అంటారు: "వాళ్ళ పుట్టుకంతే, బుద్ధంతే." 1968లో ఈ కంచికచర్లలోనే దళిత యువకుడు కోటేశు మీద దొంగతనం మోపి సజీవంగా తగలబెట్టారు. ఏ రక్తం స్వచ్ఛమైనది? హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2009, 2013లలో ప్రచురించిన పరిశోధనల ప్రకారం, మన దేశంలో దాదాపు అన్ని కులాలూ ప్రాచీన జనసమూహాల కలయికే. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ క్రితం దాకా ఆ కలయిక విరివిగా సాగింది. కులంలోనే పెళ్ళిళ్ళన్న కట్టుబాటు ఆ తర్వాత బిగిసింది.

తెలివిలో వంశపారంపర్యం లేదని నేననను. వేల జన్యువులు తలా కాస్త పనిచేస్తాయి. కానీ ఒకే సంచిలోని మిరప గింజలు సగం నల్లరేగడిలో, సగం చవుడు నేలలో చల్లండి. ఒక చేలో మొక్కకీ మొక్కకీ తేడా గింజది కావచ్చు. రెండు చేల మధ్య తేడా మాత్రం నేలదే. తిండీ బడీ దక్కనివ్వకుండా బుద్ధి లేదనడం అన్యాయం.

మేం ఆ అత్తతో, "అమ్మమ్మా, ఇద్దరిలోనూ ఉన్నది నీ రక్తమే కదా" అన్నాం. ఆమె మాట్లాడలేదు. రెండో పెళ్ళి మాట మళ్ళీ ఎత్తలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతానికి తగ్గని వైకల్యమున్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళదాకా ఉచిత విద్య హక్కు. ఇలాంటి ఇంటికి వెళ్ళినప్పుడు తప్పెవరిదని అడగకండి. బిడ్డని పరీక్ష చేయించారా, బడిలో చేర్చారా అని అడగండి. ఆ తల్లి పక్కన నిలబడండి.