రిపోర్టు నార్మలే, మరి తిమ్మిరి?

మా సైట్లో బ్రేకర్ కొట్టే తమ్ముడికి రాత్రిళ్లు బొటనవేలు, పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువొచ్చేది. నరాల పరీక్ష, అదే ఎన్‌సీఎస్, చేయిస్తే నార్మల్ అని వచ్చింది. క్యాంపులో "నాటకం" అన్నారు. నేనూ సగం నమ్మాను. తప్పు నాదే.

ఆ మిషను కరెంటు పంపి లావు నరాల పనే కొలుస్తుంది. మణికట్టులో నరం నొక్కుకోవడం మొదట్లో ఉంటే దొరక్కపోవచ్చు. షుగర్‌తో సన్న నరాలు దెబ్బతిని అరికాళ్లు మండుతున్నా రిపోర్టు నార్మల్ రావచ్చు. ఇంకోటి, ఇక్కడి ఏసీ గదుల్లో చెయ్యి చల్లబడితే మంచి నరం కూడా నెమ్మదిగా కనిపిస్తుంది. చర్మం 32 డిగ్రీల దాకా ఉండాలి, ముందే చెయ్యి వెచ్చబెట్టమని అడగండి.

ఏ వేలు, ఏ వేళ, ఏ పనికి తిమ్మిరొస్తుందో రాసుకెళ్లి డాక్టరుకు చెప్పండి. తగ్గకపోతే కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష అడగండి. చేతిలోంచి వస్తువులు జారిపోతుంటే మాత్రం ఆగొద్దు, వెంటనే వెళ్లండి.