ఒకే అక్టోబరులో చేతులు మారిన రెండు సీమలు

1800వ సంవత్సరం అక్టోబరు నెల. పదకొండు రోజుల తేడాతో భూమికి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి, రెండు దక్షిణాది సీమలు చేతులు మారాయి. రెండోది మనదే. 1792లో, 1799లో టిప్పు సుల్తాను నుంచి తనకు దక్కిన ప్రాంతాలను హైదరాబాదు నిజాం అక్టోబరు 12న ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. తన రాజ్యంలో కాపలా ఉండే కంపెనీ పటాలాల ఖర్చుకు బదులుగా ఇచ్చిన భూములవి. తలుపుల, కదిరి, పెనుకొండ, ధర్మవరం తెల్లవాళ్ళ కిందికి వచ్చింది ఆ ఒప్పందంతోనే. దత్తమండలాలన్న పేరు మనకు అట్లా వచ్చింది. ఆ పేరు వదిలించుకుని రాయలసీమ అనిపించుకోవడానికి 1928లో నంద్యాల సభ దాకా, కొత్త పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు గారి దాకా ఆగాల్సి వచ్చింది.

మొదటిది అమెరికాలోని లూసియానా. అక్టోబరు 1న స్పెయిన్ రాజు దాన్ని నెపోలియన్ ఏలుబడిలోని ఫ్రాన్సుకు తిరిగి ఇచ్చేందుకు రహస్యంగా ఒప్పుకున్నాడు. బదులుగా ఆయన అడిగింది ఇటలీలో తన అల్లుడికి ఒక రాజ్యం. మూడేళ్ళు తిరక్కుండానే, 1803లో, ఫ్రాన్సు ఆ సీమ మొత్తాన్ని కోటీ యాభై లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మేసింది. అక్కడా ఇక్కడా రైతును పిలిచి అడిగినవాళ్ళు లేరు.

మన పల్లెల నుంచి పిల్లల దగ్గరికని హూస్టన్‌కో డల్లాస్‌కో వెళ్ళే తల్లిదండ్రులు ఈరోజు చాలామంది ఉన్నారు. హూస్టన్ నుంచి లూసియానాలోని న్యూ ఆర్లియన్స్ దాదాపు 560 కిలోమీటర్లు, కారులో ఐదారు గంటల దారి. అక్కడిదాకా పోయి లూసియానా చూడకుండా రావద్దని నేను అందరికీ చెబుతుంటాను. మన సీమ చరిత్ర తెలిసినవాళ్ళకు ఆ ఊరు తొందరగా అర్థమవుతుంది.

1682లో లాసాల్ అనే ఫ్రెంచి యాత్రికుడు మిసిసిపీ నది వెంట సముద్రందాకా దిగి, ఆ నేలకు తన రాజు పద్నాలుగో లూయీ పేరు పెట్టాడు. చిటిమాచా, హూమా, చోక్టా తెగలు అప్పటికే ఎన్నో తరాలుగా అక్కడ బతుకుతున్నాయి. 1718లో న్యూ ఆర్లియన్స్ వెలిసింది. 1762లో ఫ్రాన్సు లూసియానాను స్పెయిన్‌కు ధారపోసింది. 1788లో, 1794లో పెద్ద అగ్నిప్రమాదాలు జరిగి ఊరు చాలావరకు కాలిపోతే, తిరిగి కట్టింది స్పెయిన్ హయాంలో. అందుకే ఫ్రెంచి క్వార్టర్ అని పిలిచే పాతపేటలో మిగిలిన పాత కట్టడాల్లో స్పెయిన్ పోకడే ఎక్కువ. అక్కడ కబిల్దో అనే భవనం ఉంది, ఇప్పుడది మ్యూజియం. 1803 డిసెంబరు 20న లూసియానాను అమెరికాకు అప్పగించే కాగితాల మీద సంతకాలు జరిగింది అందులోనే. మరెక్కడికి పోయినా పోకపోయినా ఆ మేడమెట్లు ఎక్కి రండి.

పాలకులు మారినప్పుడల్లా, ఆ తర్వాత కూడా, కొత్త మనుషులు వచ్చారు. కెనడా వైపు అకాడియా నుంచి 1755లో ఇంగ్లీషువాళ్ళు వెళ్ళగొట్టిన ఫ్రెంచి రైతులు కొన్నేళ్ళు అక్కడా ఇక్కడా తిరిగి ఈ చిత్తడి నేలకు చేరారు. వాళ్ళ సంతతే నేటి కేజన్లు. లఫాయెట్ పట్నం వైపు పోతే వాళ్ళ ఫిడేలు పాట వినొచ్చు. హైతీలో బానిసలు తిరగబడి గెలిచాక, అక్కడి నుంచి క్యూబాకు పారిపోయినవాళ్ళలో తొమ్మిది వేల మందికి పైగా 1809, 1810లలో న్యూ ఆర్లియన్స్‌కు వచ్చిపడ్డారు. దాంతో ఊరి జనాభా సుమారు రెండింతలైంది. 1975 తర్వాత వియత్నాంవాళ్ళు వచ్చారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మన దేశంలోని హుగ్లీ జిల్లా ముస్లిం వర్తకులు కుట్టుపని గుడ్డలు మోసుకుని ఆ ఊరికి చేరారు. కొందరు త్రెమే అనే పేటలో నల్లవారి కుటుంబాల్లో పెళ్ళిళ్ళు చేసుకుని అక్కడే ఉండిపోయారు.

ఇక తమ ఇష్టంతో రానివాళ్ళ సంగతి. చెరుకు తోటలు, పత్తి చేలు నడిచింది ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసల రెక్కల మీద. ఆ రాష్ట్రంలో పేరుపడ్డ వంటకం గంబో. అందులో బెండకాయ ఉంటుంది, ఆ కాయ ఆఫ్రికావాళ్ళతో వచ్చింది. చిక్కబడటానికి వేసే సస్సఫ్రాస్ ఆకుపొడి చోక్టాలు నేర్పింది. అన్నంలో పోసుకుని తింటారు కాబట్టి మన పులుసన్నం తిన్న నోటికి అది కొత్తగా ఉండదు. న్యూ ఆర్లియన్స్‌లో కాంగో స్క్వేర్ అనే మైదానంలో బానిసలు ఆదివారాలు గుమిగూడి డోళ్ళు కొట్టి ఆడేవారు. జాజ్ సంగీతం మూలాల గురించి మాట్లాడేవాళ్ళు ఆ మైదానాన్ని తలవకుండా ఉండరు. జాజ్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో పుట్టింది ఈ ఊళ్ళోనే.

మిసిసిపీ నది ఒడ్డున జమీందారీ బంగళాలు వరసగా ఉంటాయి. చెట్ల నీడలో ఫొటోలు దిగి వచ్చేస్తే సగం చరిత్రే చూసినట్టు. విట్నీ తోటకు తప్పక పోండి. 2014లో తెరిచిన ఆ మ్యూజియం కథంతా బానిసల వైపు నుంచే చెబుతుంది. లూసియానాలో బానిసలుగా బతికినవారి పేర్లు, దొరికినవి లక్షా ఏడు వేలు, అక్కడి ఫలకాల మీద చెక్కారు.

పెనుకొండలో జైన బసది, బాబయ్య దర్గా, విజయనగర రాజుల గగన్ మహల్ ఒకే ఊళ్ళో చూసినవాళ్ళం మనం. కదిరి నరసింహస్వామి తేరు నాడు ముస్లింలు కూడా రావడం ఎరిగినవాళ్ళం. మడకశిర, హిందూపురం వైపు ఒకే ఇంట్లో తెలుగు, కన్నడం కలిసి వినబడతాయి. అందుకే లూసియానా భాషల కథ నన్ను బాగా కదిలించింది. 1921లో ఆ రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషు తప్ప మరో భాషలో చెప్పకూడదంది. ఫ్రెంచి మాట్లాడిన పిల్లల్ని దండించారు. ఆ పిల్లలు పెద్దయ్యాక తమ బిడ్డలకు ఫ్రెంచి నేర్పడానికి జంకారు, ఒక్క తరంలో భాష ఇళ్ళల్లోనే కుంగిపోయింది. 1968లో ప్రభుత్వమే ఫ్రెంచిని నిలబెట్టడానికి ఒక సంస్థను పెట్టింది. ఇప్పుడు కొన్ని బడుల్లో పిల్లలు లెక్కలు, సైన్సు కూడా ఫ్రెంచిలోనే నేర్చుకుంటున్నారు. తాతల కాలంలో పోయినదాన్ని మనవలతో మొదలుపెడుతున్నారు. మన సరిహద్దు పల్లెల్లో కన్నడ బడులు ఇంకా నడుస్తున్నాయి. పిల్లలు తక్కువయ్యారన్న కారణంతో వాటిలో ఒక్కటి కూడా మూతపడకూడదని నా కోరిక.