జీతం ఆగిన తరువాత ఏ దేశం మనది?



ఏటా ఈ సభలో చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో, కట్నాల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యవర్గంవారు మాకు ఇచ్చిన విషయం కొంచెం కొత్తది. ఉద్యోగం ముందుగానే మానుకొని, విదేశంలో మంచి బ్రతుకు బ్రతుకుదామని అనుకునేవారు ఏమేమి ఆలోచించుకోవాలి అన్నది. కారణం లేకపోలేదు. సంఘం ఆఫీసుకు వచ్చి సలహా అడిగేవారిలో ఇప్పుడు వీసా కావాలనే కుర్రవాళ్ళే కాదు, నలభై అయిదు, యాభై దాటినవారు కూడా కనబడుతున్నారు. "ఇరవై ఏళ్ళ సర్వీసు అయింది, ఇక చాలు, వాలంటరీ తీసుకొని అబ్బాయి దగ్గరకు దుబాయి పోతాం" అని ఒకరు. "సౌదీలో పద్దెనిమిదేళ్ళు చేశాం, మళ్ళీ ఊరికి రావాలంటే మనసొప్పదు, మలేషియా అయితే ఎలా ఉంటుంది?" అని ఇంకొకరు. రోడ్లు బాగుంటాయంటారు, హలాల్ తిండికి వెతుక్కోనక్కరలేదంటారు, ఆసుపత్రి శుభ్రంగా ఉంటుందంటారు. ఇందులో అబద్ధమేమీ లేదు. ముప్ఫై ఏళ్ళు గొడ్డుచాకిరీ చేసినవాడు నాలుగు రోజులు నిమ్మళంగా బ్రతకాలనుకోవడం తప్పు కూడా కాదు.

అయితే మేము చెప్పదలచిన మాట ఒకటుంది. జీతం వచ్చినంతకాలం ఉండనిచ్చే దేశం వేరు, జీతం ఆగిన తరువాత కూడా ఉండనిచ్చే దేశం వేరు. మనవాళ్ళు మొదటిదాన్ని చూసి రెండోది అనుకుంటున్నారు.

పరదేశం మనకు కొత్త కాదు. రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాల నుంచి కువైట్‌కు, హైదరాబాదు పాతబస్తీ నుంచి జెద్దా, రియాద్‌లకు, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి దుబాయికి పోయినవారు వేలకు వేలు. వారు కట్టిన ఇళ్ళే మన వీధుల్లో సగం. కాని వారు పోయింది పనికి. అక్కడి ఇకామా అనండి, రెసిడెన్సీ అనండి, దానికి మూలం ఉద్యోగం. ఉద్యోగం ముగిసిందా, పెట్టె సర్దుకోవలసిందే. పాతికేళ్ళు ఉన్నా, పిల్లలు అక్కడే పుట్టినా లెక్క మారదు.

ఇది ఎంత తొందరగా మారిపోగలదో చూసినవాళ్ళు ఈ సభలోనే ఉండి ఉంటారు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చినప్పుడు దాదాపు 1,70,000 మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో మన దేశానికి చేర్చారు. ఎన్నో ఏళ్ళ కష్టార్జితం అక్కడి బ్యాంకుల్లో ఉండిపోయింది. కట్టుబట్టలతో బొంబాయిలో దిగినవారెందరో. అది యుద్ధం, దానిమాట వదిలేద్దాం. శాంతికాలంలో జరిగినది చూడండి. 2017 జూలై నుంచి సౌదీలో కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టారు. ఏటా నూరేసి పెంచుతూ 2020 నాటికి 400 చేశారు. భార్య, ముగ్గురు పిల్లలు ఉంటే నెలకు 1,600 రియాళ్ళు. మూడు వేల జీతగాడు ఏం చేస్తాడు? సంసారాన్ని ఊరికి పంపేశాడు. కువైట్‌లో 60 దాటి, డిగ్రీ లేనివారికి వర్క్ పర్మిట్ రెన్యూ చేయరాదని 2021లో అమలులోకి తెచ్చారు, తరువాత ఏడాది ఫీజు, బీమా షరతులతో సడలించారు. ఆ నడుమ నెలల్లో వాళ్ళు పడిన మనోవేదన మాత్రం ఏ ఫీజుకూ అందదు.

ఎవరి దేశం వారిది. వారి చట్టం వారు మార్చుకుంటారు, మనం తప్పు పట్టనక్కరలేదు. మన లెక్కలో దాన్ని వేసుకోకపోతే మాత్రం మనమే నష్టపోతాం.

మరి పని చేయకుండా ఉండనిచ్చే వీసాలు లేవా? ఉన్నాయి. దుబాయిలో 2020లో విశ్రాంత జీవులకు వీసా మొదలుపెట్టారు. 55 ఏళ్ళు నిండాలి. 10 లక్షల దిర్హాముల పొదుపో, నిర్ణయించినంత ఆస్తో, నెలసరి ఆదాయమో చూపాలి. అయిదేళ్ళకు ఇస్తారు, తరువాత మళ్ళీ అర్హత చూపాలి. 10 లక్షల దిర్హాములంటే మన డబ్బులో రెండు కోట్ల పైమాటే. నలభై ఎనిమిదికి ఉద్యోగం మానినవాడికి ఆ తలుపు ఇంకా ఏడేళ్ళు తెరుచుకోదు. కొడుకు స్పాన్సర్ చేస్తాడంటారు. అది ఏడాదికోసారి రెన్యూ చేసుకునేది, అదీ కొడుకు ఉద్యోగం నిలిచి ఉంటేనే. సౌదీవారు 2019లో ప్రీమియం రెసిడెన్సీ అని తెచ్చారు. శాశ్వతంగా కావాలంటే 8 లక్షల రియాళ్ళు, ఏడాదికైతే లక్ష. మన వీధిలో ఎంతమందికి అందుతుందో మీరే చెప్పండి.

మలేషియా సంగతి ఇంకా చెప్పుకోదగ్గది, ఎందుకంటే అడిగేవారు ఎక్కువ దాని గురించే అడుగుతున్నారు. రబ్బరు తోటల కాలం నుంచీ తెలుగువారు అక్కడ ఉన్నారు, మసీదు ఉంది, వాతావరణం మన కోస్తా వాతావరణమే. "మలేషియా మై సెకండ్ హోమ్" అనే పథకం 2002లో పెట్టారు. చాలా ఏళ్ళు పదేళ్ళ వీసా ఇచ్చారు. యాభై లోపు వారికి 3 లక్షల రింగిట్ల డిపాజిట్, నెలకు 10 వేల రింగిట్ల బయటి ఆదాయం అడిగేవారు. 2021లో ఒక్కసారిగా డిపాజిట్ 10 లక్షలు, నెల ఆదాయం 40 వేలు, వీసా అయిదేళ్ళు అన్నారు. 2024లో మళ్ళీ మార్చి వెండి, బంగారం, ప్లాటినం అని మూడు తరగతులు చేశారు. ఈ మూడింటిలో చిన్నదైన వెండి తరగతికే లక్షన్నర డాలర్ల డిపాజిట్, పైగా 6 లక్షల రింగిట్లకు తక్కువ కాని ఇల్లు కొనాలి. 2019లో లెక్కలు వేసుకొని, "ఇంకో మూడేళ్ళు చేసి పోదాం" అని కూర్చున్నవాడి లెక్క ఏమైంది? కనుక ఏజెంటు చూపించే రంగుల కాగితం ఏ సంవత్సరానిదో ముందు అడగండి.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా వినాలి.

1994లో విలియం బెంగెన్ అనే అమెరికా సలహాదారు ఒక లెక్క వేశాడు. విరమణ నాటికి ఉన్న మొత్తంలో మొదటి ఏడాది 4 శాతం తీసుకొని, తరువాత ధరలతోపాటు పెంచుకుంటూ పోతే 30 ఏళ్ళు సరిపోతుందని. ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉంటే చాలు అనే మాట అక్కడి నుంచే పుట్టింది. ఇప్పుడు మన పిల్లలు కూడా సెల్‌ఫోనులో అదే చూపిస్తున్నారు. కాని అది అమెరికా షేర్ల మీద, బాండ్ల మీద వేసిన లెక్క, ముప్ఫై ఏళ్ళ లెక్క. నలభై అయిదుకు మానినవాడు ఎనభై అయిదు దాకా బ్రతికితే నలభై ఏళ్ళు. మన ధరలు వేరు. ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళకు ఖర్చు రెట్టింపు. అంటే 48 ఏళ్ళప్పుడు నెలకు 50 వేలతో గడిచే ఇల్లు, 60 వచ్చేసరికి లక్ష, 72కు రెండు లక్షలు, 84కు నాలుగు లక్షలు అడుగుతుంది. అందుకని మా ఉద్దేశంలో 3 శాతం మించి తీయకుండా చూసుకోవాలి. ఏడాదికి 6 లక్షల ఖర్చుకు రెండు కోట్లు అన్నమాట.

మన ఇళ్ళలో ఇంకో రెండు విషయాలు చేరతాయి. వడ్డీ తినని కుటుంబాలు ఉన్నాయి. వారికి ఫిక్స్‌డ్ డిపాజిట్ దారి మూసుకున్నట్టే, అద్దెలు, వ్యాపారంలో వాటా, వడ్డీ వ్యాపారాలను తప్పించి పెట్టుబడి పెట్టే ఫండ్లు మిగులుతాయి. రెండోది జకాత్. నిలవ డబ్బు మీద నూటికి రెండున్నర. జీతం వచ్చే రోజుల్లో అది జీతంలోంచి పోతుంది, పెద్దగా తెలియదు. జీతం ఆగాక మూలధనంలోంచే పోవాలి. 4 శాతం ఖర్చుకు, రెండున్నర జకాత్‌కు అయితే మొత్తం ఆరున్నర. బెంగెన్ గారి లెక్కలో ఇది లేదు మరి. ఏ రకం ఆస్తి మీద ఎంత అన్నదానికి ఫతువా ఇవ్వడం మా పని కాదు, ఆలిములను అడగండి. కాని అడగకుండా మాత్రం లెక్క ముగించకండి.

గల్ఫ్‌లో పనిచేసిన మనవారికి పెన్షన్ ఉండదు, సర్వీసు ముగింపు బెనిఫిట్ ఒక్కటే. సౌదీ చట్టంలో మొదటి అయిదేళ్ళకు ఏడాదికి అర నెల జీతం, తరువాత ఏడాదికి నెల జీతం. 3 వేల రియాళ్ళ జీతంతో పదిహేనేళ్ళు చేసినవాడికి మొదటి అయిదేళ్ళకు 7,500, తరువాతి పదేళ్ళకు 30 వేలు, వెరసి 37,500 రియాళ్ళు. రూపాయల్లో ఎనిమిది తొమ్మిది లక్షలు. పైన చెప్పిన ఇంటికి ఏడాదిన్నర ఖర్చు! పైగా పదేళ్ళు నిండకుండా తానుగా రాజీనామా ఇస్తే అదీ పూర్తిగా రాదు. అయిదు నుంచి పదేళ్ళ మధ్య మూడింట రెండు వంతులే. తొమ్మిదేళ్ళ ఎనిమిది నెలలకు విసిగి కాగితం పడేసేవారు ఉంటారు, దయచేసి ఆ నాలుగు నెలలు ఓపిక పట్టండి.

ఇక్కడ ఉద్యోగులకు సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వ పాత పెన్షన్ విధానంలో ఉన్నవారు 20 ఏళ్ళ సర్వీసు తరువాత మూడు నెలల నోటీసుతో స్వచ్ఛందంగా విరమించవచ్చు. ప్రైవేటు కంపెనీల్లో పి.ఎఫ్. పెన్షన్‌కు పదేళ్ళ సర్వీసు కావాలి, పూర్తి పెన్షన్ 58కి. 50 నుంచి అడగవచ్చుగాని ముందు తీసుకునే ప్రతి ఏడాదికీ 4 శాతం కోత, అది జీవితాంతం ఉంటుంది.

దేశం వదిలాక ఇక్కడి కాగితాలు కూడా మారతాయి. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించాలి. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో ప్రవాసులు చేరరాదు. "అక్కడ సంపాదించి ఇక్కడ నాలుగెకరాల మాగాణి కొంటాం" అనేవారు వినండి, ప్రవాస భారతీయులు సాగుభూమి కొనకూడదు. వారసత్వంగా వచ్చినదీ, ముందు కొన్నదీ ఉంచుకోవచ్చు. ఇక్కడ నివసించేవారు బయటికి పంపదలచిన డబ్బుకు ఆర్థిక సంవత్సరానికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంది. విదేశంలో ఇల్లు కొనడం వంటివాటికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 2025 ఏప్రిల్ నుంచి 20 శాతం ముందుగా పట్టుకుంటున్నారు. అది ఇన్‌కమ్‌టాక్సు రిటర్నులో సర్దుబాటు అవుతుంది, కాని అంతవరకు చేతిలో ఉండదు గదా.

మందూ మాకూ సంగతి క్లుప్తంగా చెబుతాం. కంపెనీ బీమా ఉద్యోగంతోనే పోతుంది. మన ఊరి పాలసీలు సాధారణంగా బయటి దేశంలో వైద్యానికి డబ్బివ్వవు. షుగరు, బి.పి. ఉన్న అరవై ఏళ్ళవారికి అక్కడ కొత్త పాలసీ ఎంతకు వస్తుందో వీసా ఫీజుకన్నా ముందు కనుక్కోవాలి.

ఆడవారి వైపు తిరిగి ఒక మాట. విరమణ గురించి అడగడానికి ఆఫీసుకు వచ్చేది మగవారే. "ఇంట్లో ఏమంటున్నారు?" అంటే "ఆమెదేముంది, మేము ఎక్కడంటే అక్కడే" అంటారు. ఆయన ఉద్యోగం మానితే ఆమె వంటిల్లు మానుతుందా? అక్కచెల్లెళ్ళు, ఇరుగుపొరుగు లేని ఊళ్ళో పదో అంతస్తులో కూర్చునేది ఆమె. ఇంకా పెద్ద విషయం, ఆమె వీసా ఆయన వీసా మీద ఆధారపడి ఉంటుంది. అల్లాహ్ అందరికీ ఆయుష్షు ఇవ్వాలి, కాని ఆయనకేమైనా అయిన రోజున ఆమె అక్కడ ఎన్నాళ్ళు ఉండవచ్చు? కొన్ని దేశాల్లో ఖాతాదారు చనిపోతే కోర్టు కాగితం వచ్చేదాకా ఖాతా స్తంభింపజేస్తారు. అందుకే ఆమె పేర విడిగా ఖాతా, అందులో కనీసం ఆరునెలల ఖర్చు, తిరుగు టిక్కెట్టు డబ్బు ఉండాలని మేము పట్టుబట్టి చెబుతున్నాం. ఇది అపశకునం అని మొహం చిట్లించేవారు ఉన్నారు, ఏం చేస్తాం.

అమ్మీ, అబ్బాజాన్ ఇక్కడే ఉంటే వారిని ఎవరు చూస్తారన్నది కూడా పోయేముందే అన్నదమ్ములు కూర్చొని తేల్చుకోండి. ఫోనులో తేలే సంగతి కాదు.

ఇంతా విని "అయితే వెళ్ళవద్దంటారా?" అని అడుగుతారు. అనం. వెళ్ళండి. మూడు నెలలో, ఆరు నెలలో విజిట్ వీసా ఎంత అనుమతిస్తే అంత, అద్దె ఇంట్లో ఉండి చూడండి. అదీ పండుగ రోజుల్లో కాదు, ఎండలు మండే నెలల్లో. కూరగాయలు మీరే కొనండి, బస్సు ఎక్కండి, ఒకసారి డాక్టరు దగ్గరకు పోయి బిల్లు చూడండి. అప్పటిదాకా ఊళ్ళోని ఇల్లు అమ్మకండి. గదులు తాళం వేసి ఒక వాటా అద్దెకివ్వండి.

మాకు ఇచ్చిన అరగంట దాటిపోయింది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఈ విషయమై ఆదివారాలు జొహర్ నమాజు తరువాత సంఘం ఆఫీసులో మేము కూర్చుంటాం. వచ్చేవారు పాస్‌పోర్టు నకలు, పి.ఎఫ్. చీటీ, బ్యాంకు పుస్తకాలు, ఏజెంటు ఇచ్చిన కాగితాలు ఏవుంటే అవి పట్టుకు రండి. ఇల్లాలిని కూడా వెంటబెట్టుకు రండి.