గ్రూపులో ఎవరూ అడగలేదంటే అంతా బాగున్నట్టేనా?

ఈ ఎపిసోడ్ మా దుత్తలూరు నుంచే. టాపిక్ బ్లైండ్ స్పాట్. బండి నడిపేవాళ్లకి తెలుసు, అద్దంలో చూసుకున్నా పక్కనొచ్చే బండి ఒక్కోసారి కనపడదు. లీడర్‌కీ అలాంటి చోటు ఒకటి ఉంటుంది. నాదేంటో ముందు చెప్తాను.

మాది మెట్ట ప్రాంతం. ఎండాకాలం వస్తే నీళ్లకి కష్టమే. ఒక ఏడాది మా వీధికి ట్యాంకర్ తెప్పించే పని కుర్రాళ్లం నలుగురం చూసుకున్నాం. లీడర్ని నేనే. బండి ఎన్నింటికి వస్తుందో వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడిని. అందరూ థంబ్స్‌అప్ కొట్టేవాళ్లు. ఒక్క కంప్లయింట్ లేదు. సూపర్‌గా చేస్తున్నా అనుకున్నా.

రెండు వారాలయ్యాక వీధి చివర పెద్దమ్మ ఖాళీ బిందెతో ఎదురొచ్చింది. "ఏందబ్బయా, నీళ్ల బండి మీ ఇళ్లకాడికేనా?" అంది. "టైము గ్రూపులో పెట్టా కదా పెద్దమ్మా" అన్నా. "ఫోను మావాడి జేబులో ఉంది. వాడు పనికి పోయినాడు. బిందె నా చేతిలో ఉంది" అంది.

నాకు నోట మాట రాలేదు. నీళ్లు పట్టేది ఆడవాళ్లు, గ్రూపులో ఉన్నది మగవాళ్లు. కంప్లయింట్ చేయాల్సినవాళ్లు అసలు గ్రూపులోనే లేరు!

ఇదే తప్పు పెద్ద స్థాయిలో జరిగిన కథ కూడా మా ఉదయగిరి నియోజకవర్గానిదే. కలిగిరి మండలం దూబగుంట. అప్పట్లో సారా అంటే ప్రభుత్వానికి ఆదాయం. లెక్కల పుస్తకంలో వచ్చే డబ్బు కనపడేది, ఇంట్లో ఆరిపోయిన పొయ్యి కనపడేది కాదు. ప్రభుత్వమే పెట్టిన అక్షరాస్యత తరగతుల్లో ఆడవాళ్లు ఒకచోట కూర్చుని, చదువుకుని, మాట్లాడుకున్నారు. రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడి సారా కొట్టు మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించక తప్పలేదు.

ఇంకో విషయం చూడండి. ఊరూరికీ సారా ప్యాకెట్లు చేర్చిన వారుణి వాహిని తెచ్చింది ఎన్టీఆర్ ప్రభుత్వం. 1994 డిసెంబర్‌లో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యి మద్యనిషేధానికి సంతకం పెట్టిందీ ఎన్టీఆరే. పాత దారి మార్చుకోవడం నాయకుడికి చిన్నతనం కాదు. కానీ 1995 ఆగస్టులో సొంత ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది అవతలికి వెళ్లిపోయి ఆయన పదవే పోయింది. ఒకటి దాటాం కదా అని రెండోది ఉండదనుకోకూడదు.

నేను ఏం మార్చానంటే, మూడే మూడు. ఒకటి, "ఈ పని ఎవరి చేతుల మీద జరుగుతుంది, వాళ్లు ఈ మాటల్లో ఉన్నారా?" అని ముందే చూసుకుంటా. రెండు, "బాగుందా?" అని అడగను, "ఎవరికి అందలేదు?" అని అడుగుతా. మూడు, తప్పు చెప్పినవాళ్లకి అక్కడికక్కడే సమాధానం చెప్పను, ముందు వింటా. ఆ రోజు పెద్దమ్మతో "గ్రూపులో పెట్టా కదా" అన్నానే, ఆ మాటే నా బ్లైండ్ స్పాట్.

తర్వాత రోజు నుంచి ట్యాంకర్ వీధి మొదట్లోకి రాగానే గట్టిగా హారన్ కొట్టించాం. అంతే, ఖర్చు సున్నా. ముందు బిందె పెట్టింది పెద్దమ్మే.

మీ టీంలో ఎప్పుడూ మాట్లాడనివాళ్లు ఒకరుంటారు. ఇవాళ ఫోన్ పక్కన పెట్టి వాళ్ల దగ్గరికెళ్లి అడగండి. మళ్లీ కలుద్దాం.