చలనచిత్ర రసజ్ఞత: పుట్టుక, పరిణామము

(సూరతునందలి తెలుగువారి సభలో చేసిన ప్రసంగపాఠము)



సినిమా చూచుట వేరు, సినిమాను ప్రేమించుట వేరు. మొదటిది వినోదము, రెండవది రసజ్ఞత. కావ్యమునకు సహృదయుడెంత అవసరమో చలనచిత్రమునకును అంతే అవసరము.

1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టుపెట్టి తమ చిత్రములను ప్రదర్శించిరి. 1896 జూలై 7 నాటికి ఆ వింత బొంబాయి చేరినది. తొలినాళ్లలో పండితులనేకులు దానిని సంతలోని గారడీగా తలచిరి. పారిస్‌లో స్థిరపడిన ఇటలీ దేశస్థుడు కానూడో దానిని ఏడవ కళగా చాటి, మిత్రులతో గోష్ఠి నెలకొల్పెను. 1925లో లండన్ ఫిల్మ్ సొసైటీ వెలసినది. 1936లో హెన్రీ లాంగ్లా ప్రభృతులు పారిస్‌లో సినిమాథెక్ స్థాపించి పాత చిత్రములను కాపాడజొచ్చిరి. అక్కడ చిత్రములు చూచి, పత్రికలలో వాదించిన త్రుఫో, గొడార్ వంటి యువకులే పిదప దర్శకులైరి. ప్రేక్షకుడు విమర్శకుడై, విమర్శకుడు కర్త యగుట ఈ చరిత్రలోని విశేషము.

భారతదేశమునను ఇదే క్రమము కానవచ్చును. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మున్నగువారు కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించిరి. 1955లో ‘పథేర్ పాంచాలి’ వెలువడినది. హైదరాబాదులో పుట్టిపెరిగిన శ్యామ్ బెనెగల్ ఉస్మానియా విద్యార్థిగా అక్కడ ఫిల్మ్ సొసైటీ నెలకొల్పెను. ఆయన తెలంగాణ పల్లెను ‘అంకుర్’ (1974)లో చూపి, పిదప గుజరాతునకు వచ్చి ‘మంథన్’ (1976) తీసెను. దాని నిర్మాతలు ధనికులు కారు. తలకు రెండు రూపాయల వంతున ఇచ్చిన అయిదు లక్షలమంది గుజరాతు పాడిరైతులు! తమ చిత్రమును చూచుటకు వారు లారీలలో తరలివచ్చిరి. అక్షరజ్ఞానముతో నిమిత్తము లేకుండ రసజ్ఞత వర్ధిల్లునని ఇంతకంటె నిదర్శనమేమి?

గుజరాతీ తొలి టాకీ ‘నర్సింహ మెహతా’, తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ రెండును 1932లోనే విడుదలయ్యెను. రెండును భక్తుల కథలే. ఇరుగుపొరుగుల అభిరుచి ఎంత దగ్గరిదో చూడుడు!

అయితే ప్రేమకు రక్షణ తోడుకాకున్న అది అర్ధప్రేమయే. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మూకీల కాలమున ఎంతో శ్రమించి తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’ నేడు చూడ వీలులేదు. దేశములో తీసిన వేయికి మించిన మూకీలలో మిగిలినవి అత్యల్పము. ఆనాటి ఫిలిము సులభముగ మండునది. వెండికొరకు దానిని కరగించినవారును కలరు. 1964లో పుణేలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారములో పి.కె. నాయర్ ఏండ్ల తరబడి ఊరూర తిరిగి రీళ్లు సేకరించెను. ‘మంథన్’ సైతము పునరుద్ధరింపబడి 2024లో కాన్ ఉత్సవమున ప్రదర్శింపబడినది.

సూరతు మగ్గములయొద్ద శ్రమించు తెలుగు కుటుంబములకును, బదిలీలపై వచ్చిన ఉద్యోగులకును సినిమా కేవలము కాలక్షేపము కాదు. గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు బడులలో చదువు పిల్లలకు తెలుగు పలుకుబడి చెవిసోకు కొలది ద్వారములలో అదియొకటి. కాని చేతిలోని ఫోనులో రెండు నిమిషముల తునకలు చూచినంత రసజ్ఞత అలవడదు. నెలకొక మంచి చిత్రమును పెద్దలు పిల్లలతో కలిసి ఆద్యంతము చూచి, అందలి మాటను, పాటను, నటనను చర్చించుకొనవలెను. సంఘమునకు ఇది భారము కాదు. గది, తెర, ఓపిక ఉన్న చాలును. ఆ చర్చలో పిల్లవాడు తెలుగులో ఒక ప్రశ్న అడిగిన నాడు సంఘము స్థాపించిన ప్రయోజనము నెరవేరినట్లే.