చెఱసాల చూపిన న్యాయమార్గము

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి పేరు వినగానే ఆంధ్ర మహిళా సభ స్ఫురించును. నేడు మేము ఆమె న్యాయవాది యైన వృత్తాంతమును ముచ్చటింపదలచితిమి.

1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమె, ఉప్పు సత్యాగ్రహకాలమున బందీయై మదురై చెఱసాలలో నుండగా, హత్యానేరమునకు శిక్షపడిన స్త్రీలను చూచిరి. వకీలును పెట్టుకొను స్తోమతలేక, తమ మాట తాము చెప్పుకొనలేక శిక్షపొందినవారు వారిలో కలరు. ఇట్టివారి పక్షమున నిలువవలెనని అచటనే నిశ్చయించుకొనిరి. అప్పటికి ఆమెకు మెట్రిక్యులేషనైనను లేదు! అచటనుండి మొదలుపెట్టి 1942లో మద్రాసున న్యాయశాస్త్రపట్టము పొందిరి.

రాజ్యాంగ పరిషత్తు, ప్రణాళికాసంఘము, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షత, ఇవి అందఱెఱిగినవే. మాకు ముఖ్యముగా తోచునది వేఱొకటి. చైనా పర్యటనలో కుటుంబ న్యాయస్థానములనుగూర్చి తెలిసికొని, అట్టివి మనకును వలయునని ఆమె నెహ్రూగారితోను న్యాయమూర్తులతోను చర్చించిరి. ఆమె 1981లో దివంగతులైరి. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వచ్చినది.

వకీలు లేని స్త్రీలకొఱకు వకీలైన ఆమె కోరిన ఆ న్యాయస్థానములలో, 13వ సెక్షను ననుసరించి, వకీలును పెట్టుకొనుట ఏ కక్షికిని హక్కు కాదు. అవసరమని తోచినచో న్యాయస్థానమే న్యాయవేత్త సాయము తీసికొనవచ్చును.